బూజుపట్టిన రొట్టె

ధ్యాన భాగము: యెహోషువ 9:3-27, 1 రాజులు 3:4-15



"అయ్యగారూ, చివర ఒక వరుస మిగిలిపోయిందండీ."

కడచిన సంవత్సరము నవోదయ ప్రవేశ పరీక్ష జరిగిన మూడవ దినమున, మన సంఘములోని ఒక చిన్నది తల్లి కొంగు పట్టుకొని మా యింటి అరుగు మీద నిలువబడి నాతో చెప్పిన మాట యిది. అయిదవ తరగతి చదువుచున్న పిల్ల. లెక్కలలో చురుకైనది. ఆదివారపు బడిలో కంఠత వాక్యములు అందరికంటె ముందుగా అప్పజెప్పునది. ఆ మాటకు అర్థమేమో నాకు మొదట బోధపడలేదు. తల్లి వివరించి చెప్పిన తరువాత తెలిసినది.

ఈ పరీక్ష సంగతి తెలియని పెద్దలకొరకు నాలుగు మాటలు చెప్పవలెను. నవోదయ విద్యాలయములు మన పల్లెటూరి పిల్లలను మనస్సులో నుంచుకొని కేంద్ర ప్రభుత్వమువారు పెట్టిన బడులు. 1986 నాటి జాతీయ విద్యా విధానముతో ఇవి జిల్లా జిల్లాకు విస్తరించినవి. ఆరవ తరగతిలో చేరిన బిడ్డ పన్నెండవ తరగతి వరకు అక్కడనే యుండి చదువుకొనవచ్చును. తిండికిని, వసతికిని తలిదండ్రులు వెదకుకొన నక్కరలేదు. నూటికి కనీసము 75 సీట్లు గ్రామీణ ప్రాంతముల పిల్లలకే. అందుచేత కూలినాలి చేసికొను కుటుంబములకు అది పెద్ద వాకిలి. ఆ వాకిలి తెరచుటకు ఉన్నది ఒక్క పరీక్ష. రెండు గంటల కాలము, 80 ప్రశ్నలు, 100 మార్కులు. బొమ్మలు చూచి ఆలోచించి చెప్పవలసినవి 40, లెక్కలు 20, భాష 20. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు జవాబు లుండును. ప్రశ్నపత్రము వేరు, జవాబు పత్రము వేరు. ఓఎంఆర్ అని పిలువబడు ఆ జవాబు పత్రములో, ప్రశ్న నంబరునకు ఎదురుగా నున్న నాలుగు గుండ్రములలో ఒక దానిని బాల్ పాయింట్ పెన్నుతో నింపవలెను. నింపిన పిమ్మట దిద్దుటకు వీలు లేదు. ఆరవ తరగతి ప్రవేశమునకు ఈ పరీక్షను రెండవసారి వ్రాయనియ్యరు.

మన చిన్నది 31వ ప్రశ్న యొద్ద ఆగినది. మడిచిన కాగితమునకు చిల్లులు పొడిచి విప్పినయెడల ఎట్లు కనబడునో చెప్పవలసిన బొమ్మ అది. ఎంత చూచినను తేలలేదు. తరువాత చూతములే అని విడిచి 32వ ప్రశ్నకు పోయినది. అంతవరకు తప్పు లేదు. అట్లు విడిచిపెట్టుటయే మంచిది. అయితే 32వ ప్రశ్న జవాబును 31వ వరుసలో నింపినది. 33వ దానిని 32వ వరుసలో. అట్లే 80వ ప్రశ్న వరకు పోయినది. అన్నియు అయిన తరువాత చూచుకొనగా జవాబులు అయిపోయినవి గాని పత్రములో చివరి వరుస ఒకటి ఖాళీగా మిగిలియున్నది. నలుబది తొమ్మిది జవాబులు తమ తమ చోట్లు తప్పినవి. లెక్కలన్నియు ఆ బిడ్డ చక్కగా చేసినది. నాతో మరల నోటితో చేసి చూపినది కూడ. యంత్రమునకు ఆ సంగతి తెలియదు. అది నలుపును చూచును, వరుసను చూచును, అంతే.

ఆ సాయంకాలము వారు వెళ్లిన తరువాత నేను బైబిలు తెరచి గిబియోనీయుల వృత్తాంతము చదువుకొంటిని. అనేక పర్యాయములు చదివినదే. ఆ దినమున మాత్రము అది పరీక్ష గదిలో జరిగిన సంగతివలె నాకు కనబడినది.

ఇశ్రాయేలీయులు యెరికోను, హాయిని పట్టుకొని గిల్గాలులో దిగియున్నారు. వారికి దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞ ఒకటి యున్నది. బహుదూరముననున్న పట్టణములతో సమాధానము చేసికొనవచ్చును గాని, తాము స్వాస్థ్యముగా పొందబోవు దేశములోని జనములతో చేసికొనరాదు. కావున ఎవరు వచ్చి సంధి అడిగినను పెద్దలు తేల్చుకొనవలసిన ప్రశ్న ఒక్కటే: వీరు దూరపువారా, దగ్గరివారా? జవాబులు రెండే. ఇంతకంటె సులభమైన ప్రశ్నపత్ర ముండునా?

గిబియోనువారు వచ్చిరి. వారి ఊరు గిల్గాలునకు ఒక్క రాత్రి నడచినచో చేరగల దూరమే. కాని వారు పాత గోనెలు గాడిదలమీద వేసికొని, చినిగి కుట్టబడిన ద్రాక్షారసపు సిద్దెలు తెచ్చుకొని, మాసికలు వేసిన చెప్పులు తొడుగుకొని, ఎండి బూజుపట్టిన రొట్టెలు మూటగట్టుకొని వచ్చిరి. మేము ఇల్లు విడిచినప్పుడు ఈ రొట్టె వేడిగా నుండెను, చూడుడి, ఇప్పు డెట్లున్నదో అనిరి. వారి తెలివి ఇంకొకటి గమనించుడి. ఐగుప్తులో జరిగినదియు, యొర్దాను అవతల సీహోనునకు ఓగునకు జరిగినదియు తమకు తెలియునని చెప్పిరి గాని, మొన్న మొన్న జరిగిన యెరికో మాట, హాయి మాట ఎత్తలేదు. దూరదేశస్థులకు అంత తాజా కబురు అందకూడదు గదా!

నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆపినది ఏడవ వచనము. ఇశ్రాయేలీయులకు సందేహము వచ్చెను. మీరు మా మధ్యనే నివసించువారేమో అని వారు పైకే అనిరి. యెహోషువ కూడ మీరెవరు, ఎక్కడనుండి వచ్చితిరి అని అడిగెను. కాబట్టి వారు మూర్ఖులు కారు, నిద్రపోవుచున్నవారు కారు. సరియైన సందేహము సరియైన సమయమున వారి నోటికి వచ్చినది. వచ్చిన తరువాత వారు దానియొద్ద నిలువలేదు. రొట్టెను చేత పట్టుకొని చూచిరి, బూజు కనబడినది, ఇక తేలిపోయినదనుకొనిరి. యెహోవాయొద్ద విచారణ చేయకయే ప్రమాణము చేసిరి అని పదునాలుగవ వచనము తెలుపుచున్నది. మూడు దినములైన పిమ్మట, ఆ వచ్చినవారు ఇరుగుపొరుగువారే యని తెలిసినది.

అజాగ్రత్త యనగా తెలియకపోవుట కాదు. దాదాపు తెలిసియుండి, తొందరపడి, కంటికి మొదట కనబడినదానికి చేయి చాపుట. తెలియనివానికి పరీక్షలో తప్పు వచ్చినయెడల వాడు ఇంకను చదువవలెను. తెలిసినవానికి తప్పు వచ్చినయెడల చదువు పెంచినంత మాత్రాన అది పోదు. వానికి కావలసినది వేరు.

ఒక లెక్క చెప్పెదను. ఒక రైతు 240 బస్తాల వడ్లలో మూడవ వంతు అమ్మెను. అతనియొద్ద మిగిలినవి ఎన్ని? జవాబులు నాలుగు: 60, 80, 120, 160. చురుకైన పిల్లవాడు 240ని మూడుతో భాగించును. 80 వచ్చును. జవాబులలో 80 కనబడును. కనబడగానే వాని మనస్సు ఉప్పొంగును, చేయి గుండ్రము నింపును. ప్రశ్న అడిగినది అమ్మినవాటిని గూర్చి కాదు, మిగిలినవాటిని గూర్చి. సరియైన జవాబు 160. ఆ 80 అక్కడికి ఊరక రాలేదు. సగము దారిలో ఆగువాడు ఎక్కడ ఆగునో ప్రశ్న కూర్చినవారికి తెలియును, అక్కడనే దానిని పెట్టుదురు. ప్రియ బాలబాలికలారా, అది గిబియోనీయుల రొట్టె. అది తప్పుడు లెక్క కాదు, నిజమైన లెక్కలో సగము. అందుకే నమ్మించును. అట్లే "క్రిందివానిలో సరికానిది ఏది" అని అడిగినప్పుడు, ఆ "కానిది" అను చిన్న మాట కంటిలో పడక, సరియైనదానికే నలుపు దిద్ది వచ్చినవారు మన ఊరిలో ఎందరు లేరు! లీటర్లలో అడిగినదానికి మిల్లీలీటర్లలో జవాబు పెట్టి వచ్చినవారును కలరు.

పెద్ద తరగతుల పిల్లలకును ఇదే మాట. ఈఏపీసెట్ వ్రాయువారికి మూడు గంటలలో 160 ప్రశ్నలు. అక్కడ తప్పు జవాబునకు కోత లేదు గనుక ఏ ప్రశ్నను విడువనక్కరలేదు. నీట్ వ్రాయువారి సంగతి వేరు. 2025లో ఆ పరీక్షలో 180 నిమిషములలో 180 ప్రశ్నలు. సరియైనదానికి 4 మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. తెలిసిన ప్రశ్నను అజాగ్రత్తచేత పోగొట్టుకొన్నవాడు రావలసిన నాలుగును పోగొట్టుకొని, ఉన్నదానిలోనుండి ఇంకొకటి ఇచ్చి వచ్చును. ఏ పరీక్షకు ఏ నియమమో ముందుగా చదువుకొనుటయే మొదటి జాగ్రత్త.

మన చిన్నదాని విషయమునకు మరల వత్తును. అంత చురుకైన పిల్ల వరుస ఎందుకు తప్పినది? నేను అడిగితిని. తల వంచుకొని చాలసేపు పలుకలేదు. అటు తరువాత, "గుడిలో మీరన్నారు కదండీ... రాకపోతే అందరూ ఏమనుకుంటారో అని ఆ బొమ్మ దగ్గర భయమేసిందండీ," అన్నది.

పరీక్షకు ముందటి ఆదివారము నేను ఆ బిడ్డను ముందుకు పిలిచి, ఈమె సీటు తెచ్చి మన సంఘమునకు పేరు తెచ్చునని అందరి యెదుట చెప్పితిని. మీరందరు ఆమెన్ అంటిరి. ఆ బిడ్డ పరీక్ష గదికి ఒక్క పెన్నుతో పోలేదు, మన అందరి పేరును నెత్తిన పెట్టుకొని పోయినది. 31వ ప్రశ్న తేలనప్పుడు ఆమె కన్ను కాగితముమీద నుండి లేచి మన ముఖములమీదికి వచ్చినది. కన్ను లేచినప్పుడే వరుస తప్పినది. ఈ సంగతి ఈ పత్రికలో వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది. అయినను బల్లయొద్ద అందరి యెదుట అన్న మాటను పక్క గదిలో దిద్దుకొనుట న్యాయము కాదు.

పేతురు నీళ్లమీద నడచిన సంగతి మత్తయి 14వ అధ్యాయములో చదువుదుము. అతడు దోనె దిగునప్పుడు గాలి లేదా? ఉన్నది. నాలుగవ జామున శిష్యుల దోనె ఆ గాలికే కొట్టబడుచున్నది. గాలి క్రొత్తగా రాలేదు. అతడు ప్రభువును చూచుట మాని గాలిని చూచుట మొదలుపెట్టెను, అంతటితో మునుగసాగెను. పరీక్ష గదిలోను అంతే. కష్టమైన ప్రశ్న బిడ్డను ముంచదు. ఆ ప్రశ్నలోనుండి తండ్రి కోపము, పొరుగువారి మాట, అప్పుచేసి కట్టిన కోచింగు ఫీజు కనబడినప్పుడు బిడ్డ మునుగును. ఆ గాలిని వీచుచున్నది ఎవరు? మనమే కామా?

తండ్రులు గమనింపవలసినది ఇంకొకటి యున్నది. పేతురు కేక వేయగానే ప్రభువు వెంటనే చేయి చాపి పట్టుకొనెను. నీ విశ్వాస మెందుకు తగ్గెనని అడుగుట ఆ తరువాత. మన యిండ్లలో ఈ వరుస తలక్రిందులుగా నున్నది. మొదట ప్రశ్న, తరువాత కేకలు, చేయి చాపుట చివరకు ఉండినయెడల ఉండును. ఆ చిన్నదాని తండ్రి మూడు దినములు దానితో మాటాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు, మాటాడలేదు. అతడు చెడ్డవాడు కాడు. ఆ సీటు వచ్చినయెడల ఏడేండ్లు తన బిడ్డ కడుపు నిండునని లెక్క వేసికొన్నవాడు. ఆ దుఃఖమును నేను తక్కువ చేయను. అయితే పదేండ్ల బిడ్డకు తండ్రి మౌనము ఎంత లోతైన నీరో అతడు ఎరుగడు.

పిల్లల అజాగ్రత్తను లెక్కించు మనము పెద్దల అజాగ్రత్తను లెక్కింతుమా? 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినప్పుడు, ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినట్లు చూపినారు. మరల పరిశీలింపగా ఆమెకు వచ్చినవి 99 మార్కులు. దిద్దిన వ్యక్తి మార్కుల పత్రములో తొమ్మిదుల గుండ్రములకు బదులు సున్నల గుండ్రములు నింపెను. దానిని సరిచూడవలసిన వ్యక్తి చూడలేదు. చదువు చెప్పువారే, వయస్సు మీరినవారే, గుండ్రములు నింపుటలో తప్పిరి! ఆ బిడ్డ ధైర్యము గలది గనుక అడిగినది, నిజము తేలినది. ఆ యేడు ఆ ఫలితముల తరువాత ఇరువది మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. దీనిమీద నేను పెంచి వ్రాయను. ఒక్క మాట మాత్రము తలిదండ్రులకు చెప్పి తీరవలెను: ఫలితములు వచ్చు దినమున ఆ వయస్సు బిడ్డను ఒంటరిగా విడువకుడి. బిడ్డ భోజనము మాని, మాట మాని, గది తలుపు వేసికొన్నయెడల ప్రార్థన చేయుడి, దానితోకూడ 14416 అను టెలిమానస్ నంబరునకు ఫోను చేయుడి. అది ప్రభుత్వమువారు ఉచితముగా నడుపుచున్నది, తెలుగులో మాటాడుదురు. ప్రార్థించువాడు ఫోను చేయుట అవిశ్వాసమని ఎవరైన చెప్పినయెడల వారిని నాయొద్దకు పంపుడి.

ప్రార్థన మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. హాల్ టికెట్లు తెచ్చి బల్లమీద పెట్టి ప్రార్థింపుమని మీ రడుగుదురు. సంతోషముగా ప్రార్థింతును. పెన్నులకు నూనె పూయుమని కొందరు అడుగుదురు. నూనె పూసిన పెన్ను వ్రాయదు, కావున పూయను. జవాబు పత్రము పైభాగమున చిన్న శిలువ గుర్తు వేయుమని పిల్లలకు నేర్పినవారు మనలో నున్నారు. భక్తితోనే నేర్పితిరి, ఎరుగుదును. కాని దయచేసి మానుడి. ఓఎంఆర్ పత్రముమీద నింపవలసిన చోట తప్ప ఏ గీతయు ఉండకూడదని నియమము. యంత్రము శిలువను శిలువ అని ఎరుగదు. శిలువను గుండెలో ఉంచుకొని, కాగితమును శుభ్రముగా ఉంచుడి.

ఇశ్రాయేలు పెద్దలు ప్రార్థింపలేదు అని లేఖనము ఎత్తి చూపుచున్నది. ప్రార్థించినయెడల ఏమి జరిగియుండును? ఆకాశమునుండి గిబియోను అని శబ్దము వచ్చునో రాదో మనకు తెలియదు. ఒక్కటి మాత్రము జరుగును: వారు ఆగియుందురు. ఆ సాయంకాలమునకు ప్రమాణము చేయకయుందురు. మూడు దినములలో నిజము తానే నడచి వచ్చును గదా! ప్రార్థించువాడు కనీసము ఆగును. ఆగినవాడు రెండవసారి చూచును. అందుచేత పిల్లలకు నేను చెప్పునది ఇది. గదిలో కూర్చుండిన తరువాత కన్నులు మూసికొని ప్రభువుతో ఒక్క మాట చెప్పుడి, చాలును. ఆ తరువాత కన్నులు తెరచియే ప్రార్థింపుడి. ఎడమచేతి వేలు ప్రశ్న నంబరుమీద ఉంచుట ప్రార్థనలో భాగమే. ప్రశ్నలోని చివరి మాటను మరల చదువుట ప్రార్థనలో భాగమే. అయిదేసి ప్రశ్నల కొకసారి ఆగి, పుస్తకములోని నంబరును పత్రములోని నంబరును ఒక్కటేనా అని చూచుకొనుట కూడ అంతే. కొందరు ఉపాధ్యాయులు జవాబులన్నియు ముందు పుస్తకములో గుర్తు పెట్టుకొని చివరకు ఒక్కసారే గుండ్రములు నింపుమందురు. పెద్దవారికి అది చెల్లునేమో. పదేండ్ల పిల్లలకు ఎప్పటి దప్పుడే నింపుట మేలని నా అభిప్రాయము. చివరకు గంట కొట్టు వేళ చేతులు వణకును. 80 ప్రశ్నలకు 120 నిమిషములు, ఒక్కొక్కదానికి నిమిషమున్నర. వరుస చూచుకొనుటకు అది చాలును.

ఇక జరిగిపోయిన తప్పు సంగతి. గిబియోనీయుల చరిత్ర తొమ్మిదవ అధ్యాయముతో ముగిసినయెడల నేను ఈ భాగము ఎత్తియుండను.

మోసము తెలిసిన తరువాత జనులందరు పెద్దలమీద సణిగిరి. కాని పెద్దలు తాము దేవుని పేరట చేసిన ప్రమాణమును త్రిప్పుకొనలేదు. నింపిన గుండ్రమును చెరిపివేయ ప్రయత్నింపలేదని మన మాటలో చెప్పుదము. తప్పును ఒప్పుకొని, దానితోనే ముందుకు నడచిరి. గిబియోనీయులు కట్టెలు నరుకువారుగాను, నీళ్లు చేదువారుగాను నియమింపబడిరి. ఎక్కడ? యెహోవా బలిపీఠమునకు! మోసముచేసి వచ్చినవారు దేవుని సన్నిధికి అందరికంటె దగ్గరగా పని దొరికించుకొనిరి. పదవ అధ్యాయములో అయిదుగురు రాజులు గిబియోనుమీదికి వచ్చినప్పుడు, యెహోషువ రాత్రియంతయు నడచి వారిని రక్షింపబోయెను. సూర్యుడు నిలిచిన ఆ ప్రసిద్ధ దినము, ఆ తప్పు ప్రమాణమును నిలుపుకొనుటకు చేసిన యుద్ధములోనిదే. తరువాతి కాలమున సౌలు అత్యాసక్తితో వారిని చంపజూచినందుకు దావీదు దినములలో మూడేండ్లు కరవు వచ్చినది. ఇంకను ఎన్నో తరములు గడచి, యెరూషలేము గోడ పడిపోయి, నెహెమ్యా దానిని కట్టించునాడు, రాళ్లు మోసినవారి పట్టీలో గిబియోనీయుడైన మెలట్యా పేరు కనబడును. పెద్దల ఒక్క అజాగ్రత్తవలన లోపలికి వచ్చిన ఆ కుటుంబములను దేవుడు మరువలేదు.

గిబియోను నేడు ఎల్ జీబ్ అను పల్లె. 1956లో మొదలైన త్రవ్వకములలో అక్కడ ఆ ఊరి పేరు చెక్కిన జాడీ పిడులు దొరికినవి. బండను తొలిచిన గొప్ప నీటి గొయ్యి కూడ బయటపడినది. దానికి 79 మెట్లు. చిత్రపటములో దానిని చూచినప్పుడెల్ల ఆ నీళ్లు చేదువారు నాకు గుర్తు వత్తురు.

ఆ గిబియోనులోనే ఇంకొకటి జరిగినది. సొలొమోను క్రొత్తగా రాజైన దినములలో బలులర్పించుటకు అక్కడికి పోయెను. రాత్రి స్వప్నములో దేవుడు అతనికి ప్రత్యక్షమై, నేను నీకేమి ఇయ్యవలెనో అడుగుమనెను. తాను చిన్న బాలుడననియు, రాకపోకల పద్ధతి కూడ ఎరుగననియు సొలొమోను చెప్పుకొనెను. దీర్ఘాయువు అడుగలేదు, ధనము అడుగలేదు, శత్రువుల ప్రాణము అడుగలేదు. మంచిదేదో చెడ్డదేదో విడదీసి చూడగల హృదయము అడిగెను. ఇశ్రాయేలు పెద్దలు ఎవరి రొట్టె చూచి మోసపోయిరో వారి ఊరిలోనే, చూచి తెలిసికొను వరము ఒకడు అడిగి పుచ్చుకొనెను. దేవుని లెక్కలో ఊరికిని, మనిషికిని, పదేండ్ల బిడ్డకును ఒక్కసారి వ్రాసిన పరీక్షతో అధ్యాయము మూసివేయబడదు.

ఆ ఆదివారము ఆరాధన తరువాత నేను ఆ తండ్రియొద్దకు పోయి, తప్పు ముందు నాది, తరువాత నీ బిడ్డది అని చెప్పితిని. అతడు నావైపు చూడలేదు. బావి గట్టుమీద చాలసేపు కూర్చుండి, చివరకు లేచి, "రావే, ఇంటికి పోదాం," అని దాని చేయి పట్టుకొని పోయెను. ఆ చిన్నది ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూలులో ఆరవ తరగతి చదువుచున్నది. ఎనిమిదవ తరగతిలో ఉన్నప్పుడు, నవోదయలో తొమ్మిదవ తరగతి ఖాళీలకొరకు జరుగు వేరొక పరీక్ష వ్రాయవచ్చునని చెప్పితిని. వ్రాసెదనన్నది.

ఈ సంవత్సరము మన సంఘమునుండి నలుగురు పిల్లలు పరీక్షకు పోవుచున్నారు. వారి పేర్లు ఈసారి బల్లయొద్ద చదువను. మీ మీ యిండ్లలో మౌనముగా ప్రార్థింపుడి. శనివారము సాయంకాలములు గుడి వసారాలో వారు పాత ప్రశ్నపత్రములు చేయుచున్నారు. మొన్నటి శనివారము నేను పోవునప్పటికి మన చిన్నది వారి ప్రక్కన చాపమీద కూర్చుండి, ఒక బాబు చేతిని పట్టుకొని జవాబు పత్రముమీద పెట్టుచున్నది.

"ముందు నంబరు మీద వేలు పెట్టరా," అనుచున్నది. "తర్వాత చదువు."